పాత కారు బాగుచేసేది తిప్పడానికే

పోయిన నెలలో నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. "మాస్టారూ, మీ అంబాసిడర్ కారుకి యాభై ఏళ్లు నిండాయి కదా, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించీయండి. ఐదేళ్లకోసారి రెన్యువల్ టెన్షన్ ఉండదు" అన్నాడు. నా మేలు కోరే చెప్పాడు. ఆ కారు మీద వాడికీ ప్రేమే. ఇంటర్ చదివే రోజుల్లో సెలవలకి వచ్చి, మా పోర్టికోలో పీట వేసుకుని ఎమరీ కాగితంతో తలుపులు రుద్దిన కుర్రాడు. వాడి మాట కొట్టేయలేక, 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనలన్నీ కూర్చుని చదివాను. చదివాక నేను ఆ దారిన వెళ్లనని నిర్ణయించుకున్నాను.

ఫోన్లో వాడికి రెండు ముక్కల్లో చెప్పాను. కానీ అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఇంటి వెనక షెడ్డులోనో, పెంకుటింటి వసారాలోనో పాత కారు పెట్టుకుని, ఎప్పటికైనా బాగుచేయించాలని చూస్తున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం కూడా రాస్తున్నాను.

యాభై నిండితే

నిబంధన ప్రకారం, యాభై ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్లో పెద్ద మార్పులు లేని బండి వింటేజ్. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత 5,000. కొత్తగా నంబరు తీసుకునే బండికి మధ్యలో "వీఏ" అనే అక్షరాలు వస్తాయి. ఇదివరకే నంబరున్న బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. మామూలు పద్ధతిలో అయితే ఇరవై ఏళ్లు దాటిన కారుకి 2025 ఆగస్టు నుంచి రెన్యువల్ రుసుము 10,000 చేశారు. అదీ ఐదేళ్లకే. హరిత పన్ను వేరు. కాబట్టి డబ్బు లెక్క చూస్తే మావాడు చెప్పిందే లాభం.

నాకు అడ్డొచ్చింది చివర్లో ఉన్న షరతు. వింటేజ్ బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకి, సాంకేతిక పరిశోధనకి, వింటేజ్ ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకి మాత్రమే బయటికి తీయాలి. అంటే మా పిన్నిని అరసవల్లి తీసుకెళ్లకూడదు. ఆదివారం పొద్దున్న రామతీర్థం వెళ్లి రాకూడదు. పెట్రోలు బంకు దాకా వెళ్లొచ్చు గానీ, ఆ పోయించిన పెట్రోలుతో ఎక్కడికీ వెళ్లకూడదు.

అటువంటి నిబంధన ఎందుకు పెట్టారో నాకు తెలుసు. పాత బండ్లని గౌరవించాలనే పెట్టారు. అంతకుముందు వీటికంటూ ఒక పద్ధతే లేదు. పాత బండ్లని తుక్కుకి పంపే స్క్రాపు విధానం గురించి మాట్లాడుతున్న రోజుల్లోనే వీటిని ప్రత్యేకంగా చూడాలని ఒప్పుకోవడం మంచి పనే. ఇక తిరగలేని బండ్లు, దేశంలో ఒకటో రెండో మిగిలినవి ఉంటాయి. వాటికి ఈ పద్ధతి సరిపోతుంది. నా అభ్యంతరమల్లా, నాలాంటి వాళ్లు కూడా అదే గొప్ప అనుకుని అటు వెళ్లిపోవడం మీద. ఇంటి దగ్గర పాత కారు బాగుచేసుకునేవాడు దాన్ని వారం వారం తిప్పడానికే బాగుచేసుకోవాలి. బొమ్మలా నిలబెట్టడానికైతే అంత కష్టం అక్కర్లేదు, నాలుగు పూతలు రంగు కొట్టించేస్తే చాలు.

దాన్ని పాడుచేసింది తిరగడం కాదు

నాది 1973 నాటి మార్క్ 2 అంబాసిడర్. రాజాం దగ్గర ఒక డాక్టరు గారి కుటుంబం దగ్గర కొన్నాను. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది కాబట్టి ఈ బండి మా జిల్లా కంటే పెద్దది. డాక్టరు గారు ఉన్నన్నాళ్లూ పల్లెలన్నీ దాని మీదే తిరిగారట. మట్టి రోడ్లు, వానలు, రాత్రిపూట పురుడు కేసులు. ఆయన పోయాక పశువుల శాల పక్కన రేకుల కింద నిలిపేశారు. హుద్‌హుద్‌కి ఆ రేకులు ఎగిరిపోతే పైన టార్పాలిన్ కప్పి ఉంచారు.

ఇంటికి తెచ్చి ఒక్కొక్కటే విప్పుతుంటే నాకు అర్థమైన సంగతి ఇదీ. ముప్పై ఏళ్లు పల్లె దారుల్లో తిరగడం వల్ల వచ్చిన అరుగుదల చాలా తక్కువ. బుష్‌లు పోయాయి, కమాను కట్టల్లో రెండు ఆకులు విరిగాయి, స్టీరింగ్‌లో కొంచెం ఆట వచ్చింది. అన్నీ మార్చుకోగలిగినవే. అసలు నష్టమంతా నిలిపేశాక జరిగింది. బ్రేకు ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలికి ఇంకాస్త ఎక్కువ. అలా నీరు చేరి వీల్ సిలిండర్లలో పిస్టన్లు పట్టేసుకుపోయాయి. పెట్రోలు ట్యాంకు అడుగున తుప్పు పొడి గుప్పెడు రాలింది. సిలిండర్ గోడలకి పిస్టన్ రింగులు అతుక్కుపోయి ఇంజన్ కదల్లేదు. డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట చేత్తో నొక్కితే విరిగింది.

ఇంజన్ విడిపించిన పద్ధతి చెబుతాను, ఇది తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో రంధ్రంలో డీజిలు, ఇంజన్ ఆయిలు కలిపి పోసి నానబెట్టాం. పైన గుడ్డ కప్పి, రోజూ కొంచెం కొంచెం పోస్తూ వచ్చాం. తర్వాత ముందు బంపరు దగ్గర రంధ్రంలోంచి హ్యాండిల్ దూర్చి, తిప్పకుండా కేవలం అటూ ఇటూ ఊపమన్నాడు మా మేస్త్రీ. జోరు చేస్తే రింగులు విరుగుతాయి. ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లు వర్క్‌షాపులో పని నేర్చుకున్నవాడు. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు అవతలి వైపు చుట్టకుండా మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచాలని నా చెయ్యి పట్టి సర్ది మరీ చూపించాడు. రేపు ఇంజన్ అందుకున్నాక హ్యాండిల్ వెనక్కి తన్నితే చెయ్యి జారి వచ్చేస్తుంది. బొటనవేలు చుట్టి ఉంటే ఎముక విరుగుతుంది. ఒక సాయంత్రం చేతి కింద చిన్న జారుడు తెలిసింది. మేస్త్రీ "కదిలింది మాస్టారూ, ఇంక ఆపీయండి, రేపు చూద్దాం" అన్నాడు.

ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక నిలిపి ఉంచే కారుకి గండం ఇంకా పెరిగింది. ఇథనాల్ కూడా నీటిని లాక్కుంటుంది. పాత రబ్బరు గొట్టాలని, కార్బొరేటరు ప్యాకింగులని మెత్తబరుస్తుంది. ఇథనాల్‌ని తట్టుకునే గొట్టాలు నేను వేయించాను. కానీ అసలు మందు ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉండనివ్వకపోవడమే. కారు తిరుగుతుంటే పాత పెట్రోలు పోయి కొత్తది వస్తుంటుంది, బ్రేకులు కదులుతుంటాయి, ఆయిలు అన్ని చోట్లకీ పాకుతుంటుంది. కాపాడడానికే ఆపి ఉంచామంటే, దాన్ని చంపే పద్ధతి వెతికి పట్టుకున్నట్టే.

రణస్థలం దగ్గర

తిప్పడానికి ఇంకో కారణం ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

శ్రీకాకుళం నుంచి తిరిగి వస్తూ రణస్థలం దగ్గర టీకి ఆగాం. ఇంజన్ ఆపలేదు, వేడి మీద ఎలా ఆడుతుందో వినాలని అలాగే ఉంచాను. పక్క బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని లేచొచ్చాడు. పంచె, భుజం మీద తువ్వాలు, డెబ్భై దాటి ఉంటాయి. కారు చుట్టూ తిరగలేదు, ఫోటో తీసుకోలేదు. బానెట్ దగ్గర తల వంచి కాసేపు విని, "బాబూ, ఈ ఇంజను సడి సెయ్యట్లేదేటి?" అన్నాడు.

నేను అది మెచ్చుకోలు అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అంబాసిడర్ ట్యాపెట్లు, అంటే ఇంజన్లో వాల్వులని తెరిచే భాగాలు, కొంచెం టిక్కుటిక్కు మనాలి, ఆ మాట్లాడేది ఆగిందంటే లోపల వాల్వు దగ్గర ఉండాల్సిన గ్యాపు బిగిసిపోయినట్టు, అలాగే తిప్పితే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది అని చెప్పాడు. ఒకప్పుడు టెక్కలి వైపు ఒక కాంట్రాక్టరు గారి అంబాసిడర్ నడిపేవాడట. ఆ మాట చెప్పి, టీ తాగేసి, బస్సు వచ్చిందని వెళ్లిపోయాడు.

మర్నాడు ట్యాపెట్ కవరు విప్పి ఫీలర్ గేజి అనే పలచటి కొలత రేకు పెట్టి చూశాం. ఆ ఇంజన్‌కి 15 థౌ గ్యాపు ఉండాలి, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. ఇన్‌టేక్ వైపు సరిగానే ఉంది. ఎగ్జాస్ట్ వైపు రెండు వాల్వుల దగ్గర ఆ రేకు దూరనే లేదు. కారణం మేస్త్రీ చెప్పాడు. పాత పెట్రోల్లో సీసం కలిపేవారు, అది వాల్వు కూర్చునే గట్టు మీద పూతలా పట్టి కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఆ పూత లేక, మెత్తటి పోత ఇనుము గట్టు మెల్లగా అరిగి వాల్వు లోపలికి దిగుతుంది, దిగినకొద్దీ గ్యాపు తగ్గుతుంది. ఇంజన్ పై భాగం, అంటే హెడ్ విప్పి, లేత్ షాపులో ఆ గట్టు చోట గట్టి వాల్వు సీట్లు దిగవేయించాం.

ఈ సంగతి కారు మాన్యువల్లో లేదు, ఆ పుస్తకం రాసేటప్పటికి మన దేశంలో సీసం లేని పెట్రోలు రాలేదు కాబట్టి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికేదే, కానీ వెతకాలంటే ముందు అనుమానం రావాలి. ఆ అనుమానం టీ కొట్టు దగ్గర ఒక చెవి వల్ల వచ్చింది. కారు మా పోర్టికోలో ఉంటే ఆ పెద్దాయన గేటు దాటి వచ్చేవాడు కాదు. విశాఖ హోటలు లాన్‌లో తాడు కట్టి నిలబెడితే ఆయన్ని లోపలికి రానిచ్చేవారు కాదు.

1957 నుంచి 2014 దాకా హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో తయారైన ఈ కార్లని ఈ దేశంలో లక్షల మంది నడిపారు, బాగుచేశారు. ఆ తెలివి రాసి పెట్టినది కాదు. ముసలివాళ్లైన డ్రైవర్ల చెవుల్లో, లేత్ షాపుల వాళ్ల వేళ్లలో ఉంది. బండి కంటపడితే ఆ మాటలు బయటికి వస్తాయి. చీపురుపల్లి గేటు దగ్గర ఒకాయన చోక్ ఎంత లాగాలో చెప్పాడు. గజపతినగరంలో పంచర్ల కుర్రాడు వాళ్ల తాతని పిలుచుకొచ్చాడు. మ్యూజియాలు వద్దని నేను అనను. కోయంబత్తూరులో జీడీ కార్ మ్యూజియం ఉంది, హర్యానాలో తావడూ దగ్గర పెద్ద రవాణా మ్యూజియం ఉంది, అవి చేసే పని అవి చేస్తున్నాయి. కానీ అక్కడ ఉన్న అంబాసిడర్ ట్యాపెట్ చప్పుడు ఎవరూ వినలేరు.

ఒరిజినల్ అంటే ఏది

దీనికి గట్టి ఎదురువాదం నా స్నేహితుడి దగ్గర నుంచే వచ్చింది. విశాఖలో ఉంటాడు, పాత ఫియట్ ఒకటి ఎంతో ఓపికగా బాగుచేశాడు. మోసే గుణం, జోరు అన్నిటిలో నా కారు దానికి వేరే జాతి అయినా, పనిలో మాత్రం నేను వాడి దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ. లప్పం ఎక్కడెక్కడ ఉందో అయస్కాంతంతో కనిపెట్టే పద్ధతి వాడే చెప్పాడు. రేకు ఉన్నచోట అయస్కాంతం అతుక్కుంటుంది, లప్పం మందంగా కొట్టిన చోట జారిపోతుంది. అలా చూస్తే నా కారు ఎడమ మడ్‌గార్డు సగం లప్పమే అని తేలింది.

వాడి వాదన ఇది: "నువ్వు తిప్పాలని మొదలుపెట్టావు కాబట్టి ఒక్కొక్కటీ మారుస్తున్నావు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టావు. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టావు. 5.90-15 పాత రకం టైర్లు పోయి రేడియల్స్ వచ్చాయి. ఇప్పుడు వాల్వు సీట్లు. రేపు డిస్క్ బ్రేకులు అంటావు. అందరూ ఇలాగే చేస్తే, 1973లో ఒక అంబాసిడర్ ఎలా ఉండేదో రేపటివాడికి చూపించడానికి ఒక్కటైనా మిగులుతుందా?"

ఈ ప్రశ్న నన్ను చాలాకాలం పట్టుకుంది. ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. ఒక కారు చెక్కుచెదరకుండా ఉంటే, అది మిగతా వాటన్నిటికీ కొలబద్ద. మడ్‌గార్డు వంపు ఎలా ఉండాలో, ఏ నట్టు ఏ సైజో తేడా వచ్చినప్పుడు చూసుకోవడానికి అలాంటిది ఒకటి ఉండాల్సిందే. వాడి ఫియట్‌లో వైర్ల గుడ్డ తొడుగు కూడా పాతదే. దాన్ని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

అయినా నా కారు అలాంటిది కాదు. నా దగ్గరకి వచ్చేసరికే దాని మీద నాలుగు రంగులున్నాయి. గీరుతుంటే తెలుపు కింద లేత నీలం, దాని కింద ఇంకో తెలుపు, అడుగున మొదటి లేత ఆకుపచ్చ. డాక్టరు గారే ఎప్పుడో సీట్లు మార్పించారు. వెనక సీటు కింద మందుల పెట్టె ఇరికించడానికి ఒక రేకు అర వెల్డ్ చేయించుకున్నారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చెయ్యాలంటే ఆ అర కోసెయ్యాలి. నాకు చెయ్యి రాలేదు. ఈ కారు చరిత్రలో ఉత్తరపారా ఎంతో, ఆ మందుల అర కూడా అంతే. వాడకం వల్ల వచ్చిన మార్పులు కూడా కారులో భాగమే అని ఒప్పుకుంటే, నేను ఇప్పుడు చేసేవీ ఆ వరసలోనే చేరతాయి.

స్నేహితుడి మాట వల్ల ఒక కట్టుబాటు మాత్రం పెట్టుకున్నాను. తీసిన ప్రతి వస్తువూ ఉంచుతాను. డైనమో, కట్-అవుట్, పాయింట్ల సెట్టు నూనె గుడ్డలో చుట్టి, పేరు రాసి, అటక మీద పెట్టెలో ఉన్నాయి. బాడీకి కొత్తగా రంధ్రం పెట్టాల్సిన మార్పు ఏదైనా సరే చెయ్యను, ఒక్క సీటు బెల్టులకి తప్ప. వాటికి స్తంభం లోపల ఇనప పలక వెల్డ్ చేయించి మరీ బిగించాం. వెనక్కి తేగలిగే మార్పు ఒక రకం, తేలేనిది ఇంకో రకం. వాల్వు సీట్లు రెండో రకమే, ఒప్పుకుంటాను. కానీ అవి లేకపోతే ఆ హెడ్ మరో రెండేళ్లలో తూకానికి పోయేది.

పొగ సంగతి

ఇంకో అభ్యంతరం మా ఇంట్లోంచే వచ్చింది. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. "నాన్నా, ఆ కారుకి పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ లేదు, ఏమీ లేదు. కొత్త కారు కంటే దాని పొగ ఎన్ని రెట్లు చెడ్డదో తెలుసా? నీ సరదాకి వీధంతా పీల్చాలా?" అంది.

దీనికి నా దగ్గర సమర్థన లేదు, హద్దులు మాత్రం ఉన్నాయి. పాత కార్బొరేటరు ఇంజను కొత్త ఇంజన్లకి సాటి రాదు. దిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద 2018లో సుప్రీంకోర్టు గట్టిగా నిలబడిందంటే ఆ ఊరి గాలికి అది అవసరమే. విజయనగరం దిల్లీ కాదు, అయినా గాలి గాలే. అందుకని ఈ కారుని బజారు పనికి వాడను. గంటస్తంభం దగ్గర, మూడు లాంతర్ల దగ్గర ఇరుకులో అసలు తిప్పను. ఊరి బయటి రోడ్ల మీద, వారానికి ఒకసారి. చల్లటి ఇంజన్‌ని చోక్ లాగి స్టార్ట్ చేసినప్పుడే పొగ దారుణంగా వస్తుంది. మా పక్కింట్లో ఆయాసం ఉన్న పెద్దాయన ఉన్నారు. అందుకని ముందు సందు చివరకి తోసుకెళ్లి, చెరువు గట్టు దగ్గరే సెల్ఫ్ కొడతాను. తోయడానికి వీధి పిల్లలు వస్తారు. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దాటనివ్వను, కార్బొరేటరు మిశ్రమం పలచగా ఉందో చిక్కగా ఉందో ప్లగ్గు రంగు చూసి సరిచేస్తుంటాను. ప్లగ్గు మూతి మసిబారి ఉంటే చిక్కన, గోధుమ రంగులో ఉంటే సరి.

అమ్మాయి దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని కూడా నేను అడగను. వందల మంది నాలా మొదలుపెడితే నా లెక్క చెల్లదు, అది నిజం. ఇప్పటికైతే మా పరిసరాల్లో తిరిగే యాభై ఏళ్ల కార్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

భద్రత సంగతి నాకు దీనికంటే ఎక్కువ ఆలోచన పెట్టింది. ఇలాంటి కార్లలో గుద్దితే నలిగి దెబ్బ మింగే భాగమంటూ ఏదీ లేదు. జాతీయ రహదారి మీద నా ముందు వెళ్లే కారు ఎంత దూరంలో ఆగగలదో నేను అంత దూరంలో ఆగలేను. అందుకే హైవే ఎక్కాల్సి వస్తే పొద్దున్నే ఎక్కుతాను, చీకటి పడితే నడపను. వానలో అసలే నడపను. వెనకాల పిల్లల్ని ఎక్కించుకుంటే చీపురుపల్లి దారినే వెళ్తాను, వేగం తక్కువ, లారీలు తక్కువ.

ఎవరు చేస్తారు

పెద్ద ఊళ్లలో ఇప్పుడు పాత కార్లని పూర్తిగా బాగుచేసి ఇచ్చే షాపులు వచ్చాయి. కారు పంపితే నెలల తర్వాత అద్దంలా మెరుస్తూ తిరిగొస్తుంది. తీరిక లేనివాళ్లకి అదే దారి కావొచ్చు. కానీ ఆ కారు రోడ్డు మీద ఆగిపోతే దాని యజమాని బానెట్ ఎత్తి ఏం చూడాలో తెలియక నిలబడతాడు. ఆ భయంతోనే తియ్యడం మానేస్తాడు. ఒక ప్రదర్శనలో చూశాను, వచ్చిన కార్లలో చాలా భాగం లారీల మీద దిగాయి. నడపడం ఆపడానికి మొదటి మెట్టు బాగుచేసే పని నుంచి తప్పుకోవడమే అని నాకు అనిపిస్తుంది.

ఇంటి దగ్గర చేస్తే ఆలస్యమవుతుంది, అందం తగ్గుతుంది. నా కారు కుడి తలుపు కింద అంచు దగ్గర రేకు అతుకు వేలితో తడిమితే తెలుస్తుంది. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలచటి రేకు ఎంత వంగుతుందో, తడిగుడ్డ ఎప్పుడు వెయ్యాలో టింకరింగ్ మేస్త్రీ పక్కన కూర్చుంటేనే అర్థమైంది. ఆ అతుకు నేను వేసిందే. కలకత్తా మల్లిక్ బజార్లో పాత సామాను దొరుకుతుంది, హౌరా లైను మీద ఉన్న ఊరు కాబట్టి మనకి అది దూరమేమీ కాదు. దొరకనివి ఇక్కడే లేత్ మీద చేయించుకోవచ్చు. జూట్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీలు ఉన్న జిల్లా ఇది. ఇనుముని వెయ్యో వంతు లెక్కలో చెక్కగలిగేవాళ్లు ఇక్కడ తరతరాలుగా ఉన్నారు. మా మేస్త్రీ చేసిన కింగ్ పిన్ బుష్‌లు కొన్నవాటి కంటే బాగా పట్టాయి. ఆయన కొడుకు మాత్రం ఈ పని వద్దని విశాఖ వెళ్లిపోయాడు. అందుకని ఆయన ఏదైనా చేస్తుంటే నేను పక్కనే నిలబడి నోట్‌బుక్కులో కొలతలు రాసుకుంటాను, బొమ్మలు వేస్తాను. ఈ వేసవిలో ఇద్దరు పిల్లలు వచ్చి నేర్చుకుంటామన్నారు. వాళ్లకి మొదట బ్రేకు డ్రమ్ములు విప్పి శుభ్రం చెయ్యడం ఇచ్చాను.

నా రెన్యువల్ వచ్చే ఏడాది. ఆలోగా బ్రేకుల సంగతి తేల్చుకోవాలి. ఆ కాలపు కారు కాబట్టి బ్రేకు లైను ఒక్కటే. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకీ పోతుంది. తర్వాత వచ్చిన అంబాసిడర్లలోని రెండు గదుల మాస్టర్ సిలిండర్ దీనికి అమర్చవచ్చని మేస్త్రీ అంటున్నాడు, పైపులు కొత్తగా లాగితే చాలు, బాడీకి రంధ్రం అక్కర్లేదు. ముందు చక్రాలకి డిస్కులు కూడా పెట్టించాలా వద్దా అన్నదాని మీద ఇంకా ఆలోచిస్తున్నాను. విశాఖ స్నేహితుడు డిస్కులకి ఒప్పుకోడు గానీ, రెండు గదుల సిలిండర్‌కి మాత్రం వాడు కూడా సరేనన్నాడు. పల్లెలో ఒక ముసలాయన దగ్గర 1990ల నాటి సిలిండర్ ఒకటి ఉందని కబురొచ్చింది, ఈ ఆదివారం కారు వేసుకుని చూసి వస్తాం.